అప్పడాల కర్ర లేని ఇల్లు

మొన్న భీమవరం నుంచి ఒక శుభలేఖ వచ్చింది. మా ఆయన వైపు చుట్టాలమ్మాయి పెళ్ళి. నాలుగంచులా పసుపు, పైన వినాయకుడు, లోపల వరసగా పెద్దల పేర్లు ఉండే రకం కాదు. అట్ట మీద పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ కార్టూను బొమ్మలుగా వేయించారు. గుమ్మడికాయల్లాంటి తలలు, అగ్గిపుల్లల్లాంటి కాళ్ళు. అబ్బాయి మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెడుతున్నాడు. అమ్మాయి అతని నెత్తి మీదికి అప్పడాల కర్ర ఎత్తి పట్టుకుంది. ఆ పిల్లని పుట్టినప్పట్నుంచీ ఎరుగుదును. బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం, గట్టిగా మాట్లాడడం కూడా రాదు, అప్పడాలు ప్యాకెట్లోనే పుడతాయని నమ్మే తరం. జన్మలో పట్టుకోని కర్రని ఆ పిల్ల చేతికి ఎవరిచ్చారా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వాక మా పెద్దమ్మ గుర్తొచ్చింది. శుభలేఖ పక్కన పెట్టేసి కాగితాలు ముందేసుకున్నాను.

మా ఊళ్ళో కాలేజీ లేదు. అందుకని డిగ్రీ చదివిన ఏళ్ళన్నీ పాలకొల్లులో మా పెదనాన్న ఇంట్లో గడిచాయి. తొంభైల మధ్యకాలం అది. పెదనాన్న హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో ఆయన్ని మాస్టారుగారనేవారు గానీ, ఒకప్పుడు రాష్ట్రమంతా ఆయన్ని ‘పనస’ అనే పేరుతో ఎరిగేది. వారపత్రికల్లో కార్టూన్లు వేసేవారు, కథలకి బొమ్మలు కూడా వేసేవారు. ఆ బొమ్మల్లో ఆడపిల్లల కళ్ళు చెవుల దాకా ఉండేవి, జడ మోకాళ్ళు దాటేది. కార్టూను కింద మూలన ‘పనస’ అని మూడక్షరాలు, చుట్టూ ముళ్ళు, అచ్చం చిన్న పనసకాయలా ఉండేది సంతకం. నేను వెళ్ళేనాటికి పత్రికలు ఆయన్ని దాదాపు మరిచిపోయాయి. ఆయన మాత్రం రోజూ పొద్దున్న స్నానం చేసి, విభూది పెట్టుకుని, వసారాలో ఏటవాలు బల్ల ముందు ఆఫీసుకెళ్ళినట్టు కూర్చునేవారు. ఆ వసారాకి ఒక వాసన ఉండేది. నల్ల సిరా వాసన, పాత కాగితం వాసన, పక్కనే వంటింట్లో కుంపటి మీద పెద్దమ్మ కాల్చే దిబ్బరొట్టె వాసన, మూడూ కలిసిపోయి ఉండేవి. ఇప్పటికీ సిరాబుడ్డి మూత తీస్తే నాకు ఆకలేస్తుంది.

పెదనాన్నకి మనుషుల్ని చూడ్డం ఒక జబ్బు. ఇంటికెవరైనా వస్తే వాళ్ళు చెప్పేది వినరు, వాళ్ళ ముక్కు వైపు చూస్తూ ఉండిపోతారు. వచ్చినవాళ్ళు ఇబ్బందిపడి పైకండువాతో ముక్కు తుడుచుకునేవారు. “అలా చూడకండి, కొనుక్కునేలా ఉన్నారు” అనేది పెద్దమ్మ కాఫీ గ్లాసులు బల్ల మీద పెడుతూ. పెద్దమ్మ మాటలన్నీ అలాగే ఉండేవి. ఆవిడ పేరు మాణిక్యం. చిన్న మనిషి, వెదురుబద్దలా సన్నంగా ఉండేది. ఏదన్నా అనేటప్పుడు మొహంలో నవ్వు అనేది ఉండదు, చేతిలో పని ఆగదు. పాలవాడితో, “పాలు బాగానే ఉన్నాయి నాయనా, నీళ్ళే కాస్త చిక్కబడ్డాయి” అనేసి లోపలికి వెళ్ళిపోయేది. వాడు చెంబు పట్టుకుని అది మెచ్చుకోలో తిట్టో తేల్చుకోలేక గుమ్మంలో నిలబడిపోయేవాడు. ఆవిడ అలాంటి మాట అన్నప్పుడల్లా పెదనాన్న గబగబా లేచి వసారాలోకి వెళ్ళిపోయేవారు. పాపం పెద్దమ్మ నోటికి జడిసి పారిపోతున్నారని అనుకునేదాన్ని. ఊరంతా కూడా అదే అనుకునేది. ఎందుకంటే పనస కార్టూన్లలో భార్య ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ధాన్యం బస్తా అంత మనిషి, నుదుటి మీద రూపాయి కాసంత బొట్టు, చేతిలో అప్పడాల కర్ర. మొగుడు ఎప్పుడూ మంచం కిందో, తలుపు వెనకో ఉంటాడు. పెద్దమ్మ బజారుకెళితే కూరగాయల దుకాణాల వాళ్ళు ఒకరికొకరు సైగ చేసుకునేవారు. “బొమ్మలో లావు చేశారు గానీ మనిషి ఆవిడేనండి” అని చెప్పుకునేవారు.

పెద్దమ్మ మాత్రం ఆ పత్రికల్ని కన్నెత్తి చూసేది కాదు. అటక మీద కట్టలు కట్టలుగా ఉండేవి అవి. దుమ్ము దులిపేది, చెదలు పట్టకుండా వేపాకు పెట్టేది, ఎండాకాలం ఎండలో వేసేది. తెరిచి చూసేది మాత్రం కాదు. ఎందుకో నాకు తెలియదు. అడిగితే, “రోజూ చూస్తున్న మనిషే కదే, మళ్ళీ అచ్చులో కూడా చూడాలా” అనేది.

అలాంటి రోజుల్లో గ్రంథాలయం సెక్రటరీ కామేశ్వరరావుగారికి ఒక ఆలోచన వచ్చింది. పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన మనిషి. టీవీ వచ్చాక గ్రంథాలయానికి ఎవరూ రావడం లేదని, వచ్చినవాళ్ళు కూడా ఫ్యాను కింద నిద్రపోవడానికే వస్తున్నారని ఆయన బెంగ. “మాస్టారూ, మీ పాత కార్టూన్లన్నీ అద్దాలు కట్టించి వారం రోజులు హాల్లో పెడదామండి. చివరి రోజు సభ. సభలో అందరి ముందూ మీరు కొత్త కార్టూను ఒకటి వెయ్యాలి. తర్వాత శాలువా” అన్నారు. పెదనాన్న మొహమాటపడుతున్నట్టు ఒక పూట గడిపారు. మర్నాటికి అటక మీదికి నిచ్చెన వేశారు. కాలేజీ నుంచి రాగానే ఆయన పక్కన కూర్చుని పత్రికలు తిరగేయడం నా పనయింది.

చరిత్ర పాఠం అంత సరదాగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. మా పుస్తకాల్లో రాజులుండేవారు, యుద్ధాలుండేవి. ఈ బొమ్మల్లో మా తాతలుండేవారు, రేషను షాపు ముందు సంచులు పట్టుకుని. గోడకి తగిలించిన గొడుగు, మూల నీళ్ళ కుండ, గూట్లో ట్రాన్సిస్టరు, దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ, ఉయ్యాల్లో పిల్లాడు, ఉయ్యాల కింద ఇంకో పిల్లాడు, గోడ మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం. పెదనాన్న ఇవన్నీ మూలల్లో సన్నగీతలతో వేసేవారు. “నవ్వొచ్చే ముక్క మధ్యలో ఉంటుంది, నిజం ముక్క మూలన ఉంటుంది” అనేవారు. నేను మూలలు చూడ్డం అక్కడే నేర్చుకున్నాను. ప్రతి బొమ్మలోనూ ఏదో ఒక మూలన ఒక ఆడమనిషి కాఫీ గ్లాసుతోనో, విసనకర్రతోనో, చీపురుతోనో నిలబడి ఉండేది. ఆవిడ నోట్లోంచి మాట వచ్చిన బొమ్మ మాత్రం ఎక్కడోగానీ కనబడేది కాదు.

ప్రదర్శన మొదలైంది. మొదటి రోజు జనం పల్చగా వచ్చారు. రెండో రోజు పొద్దున్న ఒక జీపు వచ్చి ఆగింది. అందులోంచి రొయ్యల చెరువుల రాంబాబుగారు దిగారు. వాళ్ళ తాతగారు దగ్గర్లో ఒక ఊరికి ఒకప్పుడు పంచాయతీ ప్రెసిడెంటు. హాల్లో ఒక కార్టూను ఉంది. కొత్త చేతిపంపు ప్రారంభోత్సవం. మీసాల ప్రెసిడెంటు మెడ నిండా దండలతో పంపు కొడుతుంటాడు, చుక్క నీరు రాదు. పక్కన ఉన్నాయన అంటాడు: “నీళ్ళు రాకపోతే ఏమండీ, దండలొచ్చాయి కదా.”

రాంబాబుగారు ఆ బొమ్మ ముందు నిలబడి మీసం దువ్వుకున్నారు. బొమ్మలో మీసం, ఆయన మీసం ఒకటే అని హాల్లో అందరికీ తెలిసిపోయింది.

“మాస్టారూ, ఇది మా తాతగారేనా అండి?”

“కాదండి. ఊరికే ఒక ప్రెసిడెంటు” అన్నారు పెదనాన్న, చెమట తుడుచుకుంటూ.

“ఆ ఎడం కన్ను మెల్ల కూడా ఊరికేనా అండి?”

రాంబాబుగారు బొమ్మ తీసేస్తే గానీ కదలనని బెంచీ మీద కూర్చున్నారు. ఈ సంగతి పావుగంటలో బజారంతా పాకింది. దాంతో గ్రంథాలయానికి కనీవినీ ఎరుగనంత జనం. ఎవరి తాత ఏ గోడ మీద ఉన్నాడో వెతుక్కోవడానికి వచ్చారు. కామేశ్వరరావుగారు ఒక కంట భయపడుతూ ఒక కంట ఆనందపడుతూ సంతకాల పుస్తకం పట్టుకుని తిరుగుతున్నారు. ఇంతలో ఎరువుల షాపు సత్తిబాబుగారు వచ్చి హాలంతా తిరిగి, రుసరుసలాడుతూ పెదనాన్న దగ్గరికొచ్చారు.

“ఏంటండి మాస్టారూ ఈ అన్యాయం? మా తాతగారు కూడా ప్రెసిడెంటే కదండి. ఆయన వేయించిన పంపులో కూడా నీళ్ళు రాలేదు. ఆయన్నొక్కణ్ణీ వదిలేసి, వాళ్ళ తాతగారికి మాత్రం ఇంత బొమ్మ వేస్తారా?”

ఈ మాట బెంచీ మీద ఉన్న రాంబాబుగారి చెవిన పడింది. ఆయన లేచి మళ్ళీ బొమ్మ దగ్గరికెళ్ళారు. ఈసారి వేరే చూపుతో చూశారు. కాసేపటికి వెనక్కి వచ్చి, “తియ్యకండి, ఉండనివ్వండి. రేపు మా అమ్మని తీసుకొచ్చి చూపిస్తాను” అని చెప్పి జీపెక్కారు. సత్తిబాబుగారు మాత్రం ఒక పట్టాన వదల్లేదు. కావాలంటే తాతగారి ఫొటో ఇస్తానని, ఇప్పుడైనా ఒకటి వేసి గోడకి తగిలించమని పట్టుబట్టారు.

ఈ గొడవలో పెదనాన్న భోజనానికి ఇంటికి రాలేకపోయారు. మధ్యాహ్నం రెండు దాటాక పెద్దమ్మ క్యారేజీ పట్టుకుని తనే వచ్చింది. గుమ్మం దగ్గర ఆవిణ్ణి చూసి నేను ఎదురెళ్ళాను. జనం ఇంకా తగ్గలేదు. పెదనాన్న అవతల మూల సత్తిబాబుగారికి చిక్కి ఉన్నారు. పెద్దమ్మ అక్కడే ఆగింది. ఆగిన చోట ఎదురుగా గోడ మీద ఒక బొమ్మ ఉంది. తప్పించుకోవడానికి లేదు, కళ్ళెదురుగానే ఉంది. రేషను షాపు ముందు పాములా మెలికలు తిరిగిన క్యూ. క్యూలో ఒకడు వెనకవాడితో అంటున్నాడు: “పంచదార ఇంకా రాలేదు గానీ, నాన్నగారికి షుగరొచ్చింది.”

పెద్దమ్మ కళ్ళజోడు సరిచేసుకుని రెండోసారి చదివింది.

“అమ్మడూ, ఈ మాట నాది కదే.”

“ఏ మాట పెద్దమ్మా?”

“ఈ పంచదార మాట. మా మావగారికి షుగరుందని డాక్టరు చెప్పిన రోజున వంటింట్లో నేనన్న మాట ఇది.”

పక్క బొమ్మ దగ్గరికి జరిగింది. ఇంటి నిండా జనం, మధ్యలో రేడియో. మొగుడు పక్కింటాయనతో అంటున్నాడు: “రేడియో మనది, వినేది వీధిది, కాఫీల ఖర్చు మళ్ళీ మనది.”

“ఇదీ నాదే” అంది పెద్దమ్మ. “ఎన్నికల ఫలితాలు చెబుతున్న రోజున. చెయ్యి నొప్పెట్టేలా కాఫీలు పెట్టాను.”

తర్వాతి బొమ్మలో ఒక చుట్టం పడక్కుర్చీలో పడుకుని ఉంటాడు. మొగుడు ఎంతో వినయంగా వంగి అడుగుతున్నాడు: “తమ పేరు రేషను కార్డులో ఎక్కించమంటారా, ఓటర్ల లిస్టులో ఎక్కించమంటారా?” నాకు ఆ కార్టూను చాలా ఇష్టం. అందులో ఆ చుట్టం కాళ్ళూపుతున్న తీరు ఎక్కడో చూసినట్టుండేది.

“ఇది ఎవర్నన్నావు పెద్దమ్మా?”

“మీ నాన్నని” అంది పెద్దమ్మ. “టైపు పరీక్షకని రెండ్రోజులకొచ్చాడు. పరీక్షయింది, రిజల్టొచ్చింది, ఉద్యోగం కూడా వచ్చింది. మీ నాన్న మాత్రం వెళ్ళలేదు.”

అలా గోడ వెంట నడుస్తూ వెళ్ళింది. ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, పెదవులు కదుపుతూ చదివి, “నాదే” అంటూ ముందుకు జరిగింది. పక్కనున్న జనం బొమ్మలు చూడ్డం మానేసి ఆవిడ వెనకాల రావడం మొదలుపెట్టారు. ఆవిడకి అది పట్టలేదు. చేతిపంపు బొమ్మ దగ్గర, “ఇది కూడా నేనే. ఈయన ప్రారంభోత్సవం నుంచి వచ్చి చెబితే అన్నాను” అంది. చివరి గోడ మీద పెద్ద అద్దం కట్టిన కర్ర బొమ్మ ఉంది. మొగుడు చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా ఇంట్లోకి వస్తుంటాడు. గుమ్మం నిండా భార్య, చేతిలో కర్ర. పనస కార్టూన్లలో భార్య మాట్లాడిన కొద్ది వాటిల్లో ఒకటది. “చెప్పులు చేతిలో పట్టుకున్నారేం, కాళ్ళు నిద్రపోతున్నాయా?”

పెద్దమ్మ ఆ బొమ్మని చాలాసేపు చూసింది.

“అన్నాను. సెకండ్ షో నుంచి వస్తే అన్నాను. మంచినీళ్ళ చెంబు పట్టుకుని ఉన్నాను అప్పుడు. అమ్మడూ, మనింట్లో అప్పడాల కర్ర ఎప్పుడైనా చూశావా?”

నేను ఆలోచించాను. నిజంగానే చూడలేదు. అప్పడాలు నరసాపురం నుంచి ఒకావిడ బుట్టలో తెచ్చి ఇచ్చేది. చపాతీలంటే పెదనాన్న దృష్టిలో జ్వరమొచ్చినవాళ్ళ తిండి. ఊరందరికీ తెలిసిన ఆ కర్ర ఆ ఇంట్లో లేనే లేదు.

ఈలోగా పెదనాన్న మమ్మల్ని చూసి వచ్చారు. పెద్దమ్మని ఆ బొమ్మ ముందు చూడగానే ఆయన మొహం మాడిపోయింది. పెద్దమ్మ క్యారేజీ ఆయన చేతికిచ్చి, “పప్పు కింది గిన్నెలో ఉంది” అని చెప్పి బయటికి నడిచింది. ఆ తర్వాత ఆవిడ ఆ ఇంట్లో అవసరమైన మాట తప్ప ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

పోట్లాట కాదది. కోపంగా కూడా లేదు. కాఫీ వేళకి కాఫీ వచ్చేది, దిబ్బరొట్టె ఎప్పటిలాగే అంచులు కరకరలాడుతూ వచ్చేది. మాట మాత్రం వచ్చేది కాదు. వడ్డించాక ఇంకొంచెం కావాలా అని చూసేది, అంతే. పాలవాడు ఒక రోజు అలవాటుగా నీళ్ళు కలిపి తెచ్చాడు. పెద్దమ్మ ఏమీ అనకుండా పోయించుకుని లోపలికొచ్చింది. వాడు భయపడిపోయాడు. “అమ్మగారికి ఒంట్లో బాలేదాండి?” అని నన్నడిగి, మర్నాడు గరిట నిలబడేంత చిక్కటి పాలు తెచ్చాడు. దానికీ ఏమీ అనలేదు.

పెదనాన్నకి అసలు చిక్కు మూడో రోజుకి అర్థమైంది. సభలో వెయ్యాల్సిన కొత్త కార్టూనుకి మాట దొరకడం లేదు. పొద్దున్నుంచీ బల్ల ముందు కూర్చోవడం, కాగితం నలిపి పారేయడం. సాయంత్రం నన్ను పిలిచి, “ఇది విను” అన్నారు. “కుక్క కరిస్తే ఇంజెక్షను, మనిషి కరిస్తే ఎలక్షను. ఎలా ఉంది?”

“బాగానే ఉంది పెదనాన్నా.”

“నవ్వు రాలేదే నీకు?”

“రాలేదు.”

“ప్రాస కుదిరింది కదే” అన్నారు దిగులుగా. గొంతు తగ్గించి అడిగారు. “మీ పెద్దమ్మ ఏమన్నా అంటోందా?”

“లేదు.”

“పాలవాణ్ణి కూడానా?”

“పాలవాణ్ణి కూడా ఏమీ అనట్లేదు.”

ఆయన పాళీ కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టి వంటింటి వైపు వెళ్ళారు. నేను వసారాలోనే ఉన్నాను గానీ ఆ ఇంట్లో వంటింటి మాటలు వసారాకి వినబడతాయి. ఆ కార్టూన్లన్నీ వచ్చింది అలాగే కదా.

“మాణిక్యం, ఇంట్లో మాటే కదా. వాడుకుంటే అంత తప్పా?”

“ఇంట్లో మాటే. ఊళ్ళోకి పంపేటప్పుడు ఎవరి మాటో చెప్పి పంపాల్సింది.”

“ఆ కర్ర పట్టుకున్నావిడ నువ్వు కాదే. అప్పట్లో అందరం అలాగే వేసేవాళ్ళం. పెళ్ళామంటే లావుగా ఉండాలి, చేతిలో కర్ర ఉండాలి. పత్రికల వాళ్ళకి అదే కావాలి. నీలాంటి బక్కమనిషిని వేస్తే ఎవరు నవ్వుతారు?”

పెద్దమ్మ పెనం మీద రొట్టె తిరగేసిన చప్పుడు వినబడింది. తర్వాత పెద్దమ్మ చెప్పింది. పెళ్ళయిన మొదటి ఏడు, కర్ర బొమ్మ మొదటిసారి అచ్చయినప్పుడు, కోరుకొండలో ఆవిడ పుట్టింటి వీధిలో ఎవరో ఆ పత్రిక తీసుకెళ్ళి వాళ్ళ నాన్నగారికి చూపించారట. ఆయనకి కార్టూన్ల సంగతి తెలియదు. అచ్చులో వచ్చిందంటే నిజమే అనుకున్నారు. మర్నాడే బస్సెక్కి, బస్సు మారి, అరటిపళ్ళు పట్టుకుని పాలకొల్లు వచ్చారు. అల్లుడు స్కూలుకెళ్ళేదాకా ఆగి, కూతుర్ని పెరట్లోకి పిలిచారు.

“మొగుణ్ణి కొట్టకూడదమ్మా అన్నాడు మా నాన్న” అంది పెద్దమ్మ. “కొట్టలేదు నాన్నా అన్నాను. నమ్మలేదు. వెళ్ళేటప్పుడు మీ వీపు వైపు చూస్తూనే వెళ్ళాడు. పోయేదాకా ఆయనకా అనుమానం పోలేదు. అందుకే మీ పుస్తకాలు చూడ్డం మానేశాను.”

పెదనాన్న వసారాలోకి తిరిగొచ్చి, బల్ల ముందు కూర్చున్నారు. “మావగారు నా చొక్కా ఎందుకు విప్పమన్నారో ఇప్పుడర్థమైంది” అన్నారు నాతో. “ఉక్కగా ఉంది, చొక్కా విప్పి కూర్చోండల్లుడుగారూ అన్నారు ఆ రోజు. మాఘమాసం అది.”

సభ రోజు వచ్చింది. హాలు నిండిపోయింది. రాంబాబుగారు వాళ్ళ అమ్మగారితో సహా ముందు వరసలో కూర్చున్నారు. సత్తిబాబుగారు ఒళ్ళో తాతగారి ఫొటో పెట్టుకుని కూర్చున్నారు, ఎందుకైనా మంచిదని. పెద్దమ్మ వస్తుందో రాదో నాకు తెలియదు. సభ మొదలయ్యాక చూస్తే ఆడవాళ్ళ వరసల్లో చివర, గుమ్మం పక్కన కూర్చుని ఉంది. ఉపన్యాసాలయ్యాయి. పెదనాన్నకి శాలువా కప్పారు, దండ వేశారు. వేదిక మీద నల్లబల్లకి పెద్ద తెల్లకాగితం బిగించారు. పెదనాన్న శాలువాతోనే లేచి కుంచె పట్టుకున్నారు.

చెయ్యి మాత్రం ఏమీ మరిచిపోలేదు. నాలుగు గీతల్లో ఒక వేదిక, మైకు, దండల్లో మునిగిపోయిన ఒక ముసలాయన. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత ఆయన పక్కన ఒక ఆడమనిషిని వేశారు. సన్నగా, చిన్నగా, కళ్ళజోడుతో. చేతిలో ఏమీ లేదు. ఆవిడ నోటి దగ్గర మాట రాయడానికి పెద్ద గుండ్రం గీశారు. గీసి ఆగారు. గుండ్రం ఖాళీగా ఉంది. జనం చూస్తున్నారు. కామేశ్వరరావుగారు దగ్గారు. పెదనాన్న మైకు దగ్గరికి వచ్చి, మామూలుగా ఇంట్లో ఉప్పు అడిగినట్టు అడిగారు.

“మాణిక్యం, ఇక్కడేం రాయమంటావు?”

హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. పెద్దమ్మ లేచి నిలబడింది. అంతమందిలో మాట్లాడడం ఆవిడకి అదే మొదలు. మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు.

“శాలువా కప్పింది మీకు. ఉతికేది నేను. అని రాయండి.”

నవ్వు ఎక్కడో వెనక వరసలో మొదలై ముందుకొచ్చింది. రాంబాబుగారి అమ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని ఊగిపోయారు. శాలువా కప్పినాయన కూడా నవ్వాడు. నవ్వు తగ్గాక పెదనాన్న ఆ మాట రాశారు. కింద మూలన పనస అని రాసి, ఆగి, పక్కనే మాణిక్యం అని రాశారు. ముళ్ళు గీయబోతుంటే పెద్దమ్మ అక్కణ్ణుంచే, “నా పేరుకి అక్కర్లేదు” అంది.

ఆ కార్టూను ఒక వారపత్రికలో వచ్చింది. ఆ తర్వాత ఇంకొన్నేళ్ళపాటు, అప్పుడప్పుడు, రెండు పేర్లతో కార్టూన్లు వచ్చాయి. భార్య సన్నబడింది, కర్ర పోయింది. పెద్దమ్మ పత్రిక రాగానే ముందు తనే విప్పి చూసేది. “ముక్కు ఇంత పొడుగా నాది?” అని తగాదా పెట్టుకునేది. మాటలు మళ్ళీ మొదలయ్యాయి, పాలు మళ్ళీ పల్చబడ్డాయి. ఎవరన్నా ఆవిడ ముందు ఒక మాట జారితే, “ఇది వెయ్యించకండమ్మా” అని బతిమాలుకుని వెళ్ళేవారు. సత్తిబాబుగారి తాతగారిని కూడా పెదనాన్న చివరికి వేశారు. ఆయన నోట పెద్దమ్మ ఏం మాట పెట్టిందో ఇక్కడ రాయను, వాళ్ళింట్లో ఆ బొమ్మ ఇంకా హాల్లోనే ఉంది.

ఇప్పుడు రోజూ నా ఫోనుకి మొగుడూపెళ్ళాల జోకులు వస్తుంటాయి. రంగుల్లో వస్తాయి, కదులుతూ వస్తాయి. రేడియో పోయింది, రేషను క్యూ పోయింది, పడక్కుర్చీ పోయింది, రెండ్రోజులకని వచ్చి ఉండిపోయే చుట్టాలు కూడా పోయారు. కర్ర మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. ఒక్కో జోకు చదివినప్పుడు నవ్వొస్తుంది, వెంటనే ఇది ఏ వంటింట్లో ఎవరన్నారో అనిపిస్తుంది. అలా తెలుసుకునే వీలు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా ఇంట్లో ఒక్కసారి, ఒక పూట భోజనం ఆలస్యమవడం వల్ల తెలిసింది.

పెదనాన్న పోయిన కొన్నాళ్ళకి రాజమండ్రి నుంచి ఒక పత్రిక కుర్రాడు వచ్చాడు, ఆయన మీద వ్యాసం రాయడానికి. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. అన్నీ అడిగి, చివర్లో, “జోకులన్నీ మీవే కదమ్మా. మరి ఆయన పేరుతో వెళ్ళిపోతుంటే, అన్నేళ్ళు అలా అంటూనే ఎందుకున్నారండి?” అన్నాడు. పెద్దమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చేతులు ఆగలేదు.

“పత్రిక్కోసం అనలేదు నాయనా” అంది. “ఆయన పైకి నవ్వే మనిషి కాదు. నేనేదన్నా అంటే వసారాలోకెళ్ళి బల్ల మీద వంగేవారు. వంటింట్లోంచి వీపొక్కటే కనబడేది. నవ్వాపుకోలేక భుజాలు ఊగేవి. అది చూడ్డానికి అనేదాన్ని.”